దూరమునుండి యంత్రముల నాడి చూచుట

"సర్వరు డౌను" అను మాట నేడు మన జడ్చర్లలో అక్షరము రాని వృద్ధులకు సైతము పరిచితమైయున్నది. చౌకధరల దుకాణమున వేలిముద్ర వేయుటకు వరుసలో నిలిచిన అవ్వ, ఆదాయ ధ్రువపత్రముకొరకు మీసేవా కేంద్రమునకు వచ్చిన తండ్రి, రిజిస్ట్రేషను కచేరి ముంగిట సాక్షులను వెంటబెట్టుకొని కూర్చున్న రైతు, వీరందరును ఎప్పుడో యొకప్పుడు ఈ మాట విని వట్టిచేతులతో మరలిపోయినవారే. బాదేపల్లి మార్కెట్టులో బస్తాలు మోయు హమాలీకి ఆ పూట కూలి పోవును. మరునాడు మరల వచ్చినచో మరునాటి కూలియు పోవును. వాన రాలేదన్నప్పుడు తలవంచినట్లే ఈ మాటకును మనము తలవంచుచున్నాము. వాన మన చేతిలోనిది కాదు. సర్వరు మనుష్యులు చేసిన యంత్రము. దానికి జబ్బు ముదురకమునుపే కనిపెట్టు విద్య యొకటి కలదు. ఆ విద్యను పై తరగతుల విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు ఇచ్చట వివరింపబూనితిమి.

మొదట ఒక చిక్కును విడదీయవలయును. దుకాణదారుడు "సర్వరు డౌను" అన్నప్పుడు నిజముగా చెడినది ఏది? అతని చేతిలోని చిన్న యంత్రమునకు సెల్ ఫోను సిగ్నలు అందకపోయి యుండవచ్చును. రోడ్డు వెడల్పు చేయు జేసీబీ భూమిలోని ఫైబరు తీగెను తెంచి యుండవచ్చును. సర్వరు క్షేమముగానే యుండి, దానిపై నడచు ప్రోగ్రాము ఒక్కసారిగా వచ్చిపడిన అర్జీలకు ఊపిరాడక నిలిచి యుండవచ్చును. కడపటిది, సర్వరు యంత్రమే, అనగా దాని యినుప పెట్టెలోని పంకాయో, డిస్కో, విద్యుత్తు నందించు భాగమో చెడి యుండవచ్చును. ఈ నాలుగింటికిని దుకాణమువద్ద కనబడు లక్షణ మొక్కటే: జవాబు రాదు. నిద్ర, మూర్ఛ, చెవుడు, అలుక, వీనిలో ఏది కలిగినను మనుష్యుడు పిలిచిన పలుకడు. పలుకలేదు గనుక నాలుగును ఒకే రోగమని చెప్పువానిని వైద్యుడని ఎవరందురు? మొదటి మూడును వేరు పాఠములు. నాలుగవదానిని గూర్చియే ఈ వ్యాసము.

సర్వరు అనగా అడిగినవారికి అడిగిన సమాచారము నందించు కంప్యూటరు. అది మన కంప్యూటరు గదిలోని వానివలె బల్లమీద కూర్చుండదు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. సుమారు 4.4 సెంటీమీటర్ల మందము గల పలుచని యినుప పెట్టెగా దానిని చేసి, బీరువాలోని అరలలో ఒకదానిపై నొకటి దూర్చుదురు. ఇట్టి బీరువాకు సాధారణముగా 42 అరలుండును. అట్టి బీరువాలు బారులు బారులుగా నిలిపిన భవనమును డేటా సెంటరందురు.

అవి ఎక్కడో అమెరికాలో మాత్రమే యుండునని పిల్లలు తలచుచుందురు. అది సరికాదు. 2022 నవంబరులో అమెజాను వెబ్ సర్వీసెస్ వారు హైదరాబాదు ప్రాంతమున తమ డేటా సెంటర్లను మూడు విభాగములుగా ప్రారంభించిరి. అదే సంవత్సరము మార్చిలో మైక్రోసాఫ్టు వారును హైదరాబాదునందు నెలకొల్పెదమని ప్రకటించిరి. వారు భూమి కొనిన తావులలో షాద్‌నగరు చెంతనున్న ఎలికట్టయు, నందిగామ మండలములోని మేకగూడయు కలవు. 2016 అక్టోబరులో జిల్లాలు విభజింపబడుటకు పూర్వము ఈ రెండు గ్రామములును మన మహబూబునగరు జిల్లాలోనివే. మనము 44వ జాతీయ రహదారిపై బస్సెక్కి హైదరాబాదు పోవునప్పుడు కిటికీనుండి చూచు బీళ్లకు సమీపముననే ఈ విద్యకు పని కలుగుచున్నదన్నమాట.

ఇట్టి భవనములో యంత్రములు వేలు, మనుష్యులు కొద్దిమంది. అక్కడ రాత్రింబవళ్లు పంకాల హోరు తప్ప మనుష్యుల మాట వినబడుట అరుదు. యంత్రములను కనిపెట్టియుండు ఉద్యోగి హైదరాబాదులోనో, బెంగళూరులోనో, మరియొక ఖండములోనో కూర్చుండి యుండును. అతడు పెట్టెపై చేయి పెట్టి వేడి చూడలేడు. పంకా కీచుమనుట వినలేడు. కాలిన వాసన పట్టలేడు. మరి అతనికి యంత్రముయొక్క ఆరోగ్య మెట్లు తెలియును?

అన్నిటికంటె సులభమైన పద్ధతి పిలిచి చూచుట. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అను అమెరికా దేశస్థుడు "పింగ్" అను చిన్న ప్రోగ్రాము వ్రాసెను. అది దూరపు యంత్రమునకు ఒక చిన్న సందేశము పంపి, దానిని తిరిగి పంపుమని కోరును. తిరిగి వచ్చుటకు ఎంత కాలము పట్టినదో లెక్కించును. నేటికిని ప్రతి ఇంజనీరును మొట్టమొదట వాడునది ఇదియే. కాని ఇది తరగతిలో హాజరు పిలుచుటవంటిది. "ప్రెజెంట్ సార్" అన్న బాలునికి జ్వరమున్నదో లేదో హాజరుపట్టీ చెప్పదు. పలుకని బాలుడు ఏల రాలేదో అంతకంటెను చెప్పదు.

రెండవ పద్ధతి: సర్వరులోనే ఒక ప్రోగ్రామును కూర్చుండబెట్టి, నీ వేడి యెంత, నీ డిస్కులు ఎట్లున్నవి అని అడుగుచుండుట. ఇది మంచిదే, ఎల్లెడల వాడుకలో నున్నదే. అయినను దీనికొక మూలలోపము కలదు. మూర్ఛపోయినవాడు తన మూర్ఛను తాను చెప్పలేడు. సర్వరు స్తంభించిన క్షణముననే దానిలోని ఆ ప్రోగ్రామును స్తంభించును. మనకు వార్త మిక్కిలి అవసరమైన గడియలోనే వార్త నిలిచిపోవును.

ఇచ్చట మన సీమలోని యొక పాత యేర్పాటును జ్ఞాపకము చేయుదుము. పాలమూరు, నల్లగొండ ప్రాంతములు చెరువుల సీమలు. చెరువునకు నీరటికాడుండుట మన పల్లెల ఆచారము. తూము తెరచుట, మూయుట, పొలములకు నీరు పంచుట అతని పని. వానాకాలపు రాత్రులందు కట్టపై నుండి మత్తడి ఎంత దుముకుచున్నదో చూచుటయు అతని పనియే. గండి పడు సూచన కనబడినచో ఊరిలోనికి పరుగెత్తి పెద్దలను లేపవలయును. ఇందు రెండు నియమములు గమనింపుడు. ఊరు నిద్రించినను నీరటికాడు మేల్కొని యుండవలయును. అతడు ఊరికి వచ్చు దారి ఆ చెరువు నీటనే మునుగునది కారాదు.

సర్వరు చేయువారు ఈ రెండు నియమములను బాగుగ గ్రహించిరి. సర్వరుయొక్క ప్రధాన పలకమీదనే మరియొక చిన్న కంప్యూటరును అమర్చిరి. దానిని బేస్‌బోర్డు మేనేజిమెంటు కంట్రోలరు అందురు. మేము ఈ వ్యాసములో దానిని నీరటి చిప్పు అందుము. దీనికి తన సొంత ప్రాసెసరు, తన సొంత మెమొరీ, తన సొంత చిరునామా కలవు. పలు సర్వర్లలో దీనికి వేరు నెట్‌వర్కు తీగెయు నుండును. సర్వరును ఆర్పివేసినను, ప్లగ్గులో కరెంటున్నంతవరకు ఇది మేల్కొనియే యుండును. పెద్ద యంత్రము చచ్చిపడియున్నను ఇది పలుకును. అంతేకాదు, దూరమునుండి చెప్పినచో పెద్ద యంత్రమును ఆర్పి మరల వెలిగించును కూడ. ఈ చిప్పుతో మాటలాడు భాషను ఇంటెలు, హ్యూలెట్ ప్యాకర్డు, డెల్, ఎన్.ఇ.సి. కంపెనీలు కూడి 1998లో నిర్ణయించిరి. దానికి ఐ.పి.ఎం.ఐ. అని పేరు. ఇంటర్‌నెట్టు పుటలను తెచ్చు మార్గముననే నడచు రెడ్‌ఫిష్ అను క్రొత్త భాష 2015లో వెలువడి, క్రమముగా దాని స్థానము నాక్రమించుచున్నది.

ఇక నీరటి చిప్పు ఏమేమి చూచును? వేడి, పంకాల వేగము, విద్యుత్తు ఒత్తిడి, విద్యుత్తు నందించు పెట్టెలు రెంటిలో ఒకటి ఆగినదా అనునది, ఎవరైన మూత తెరచిరా అనునది. ఏది మారినను గడియ, నిమిషములతో దినచర్యలో వ్రాసికొనును. ఆసుపత్రిలో మంచము చెంత వ్రేలాడు పట్టికలో నర్సమ్మ వేడిని, నాడిని వ్రాయుచుండునే, అట్టిదే ఈ దినచర్య.

పంకా వేగము నెట్లు కొలుచునో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. సాధారణముగా కంప్యూటరు పంకా ఒకసారి చుట్టు తిరిగినప్పుడు దాని తీగెలో విద్యుత్తు రెండుసార్లు తట్టును. చిప్పు ఒక సెకనులో 300 తట్టులు లెక్కించెననుకొందము. పంకా సెకనుకు 150 చుట్లు, నిమిషమునకు 9,000 చుట్లు తిరుగుచున్నదన్నమాట. కొన్ని మాసములకు అదే ఆజ్ఞకు 240 తట్టులే వచ్చినచో వేగము 7,200కు తగ్గినది. పంకా ఇంకను తిరుగుచునే యున్నది. సర్వరు వాడువారికి ఏ లోపమును తెలియదు. అయినను దాని ఇరుసు అరిగినదో, రెక్కలకు దుమ్ము పట్టినదో చూడవలసిన కాలము వచ్చినది.

ఇచ్చట పిల్లలు పొరబడు తావొకటి కలదు. వేగము తగ్గుటయే రోగమనుకొందురు. ఒక్కొక్కప్పుడు వేగము పెరుగుటయే రోగచిహ్నము. వేడి హెచ్చినప్పుడు నీరటి చిప్పు పంకాలను వడిగా త్రిప్పి వేడిని మామూలునకు దించును. అప్పుడు వేడిని మాత్రమే చూచువానికి అంతయు క్షేమముగా కనబడును. ప్రాసెసరు వేడి నిన్నటివలెనే 60 డిగ్రీలు. కాని నిన్న 6,000 చుట్లతో నిలిచిన 60 డిగ్రీలు నేడు 11,000 చుట్లతో నిలుచుచున్నవి. మెట్లెక్కిన ముసలివానివలె యంత్రము ఆయాసపడుచున్నది. ఒక్క అంకెను చూచి ఆరోగ్యము నిర్ణయించుట నాడి చూడక నాలుకను మాత్రము చూచిన వైద్యమువంటిది. అంకెకు తోడున్న అంకెను, నేటి అంకెకు నిన్నటి అంకెను కలిపి చదువవలయును. ఈ శాస్త్రములో చాల భాగము ఇంతే యని మా తలంపు.

ప్రతి కొలతకును హద్దులు ఏర్పరుతురు. 12 వోల్టుల తీగెలో 5 శాతము హెచ్చుతగ్గులను సహింతురనుకొనిన 11.4కు తగ్గరాదు, 12.6ను మించరాదు. ఐ.పి.ఎం.ఐ. పద్ధతిలో పై వైపున మూడు, క్రింది వైపున మూడు హద్దులు కలవు: మొదటిది జాగ్రత్త, రెండవది ప్రమాదము, మూడవది యంత్రమునకు హాని కలుగు స్థితి. ఇంకొక చిన్న నేర్పు కలదు. 80 డిగ్రీలు దాటినంతనే గంట మ్రోగునట్లును, 80కి దిగినంతనే ఆగునట్లును చేసినచో, 79, 81 నడుమ ఊగులాడు యంత్రము రాత్రియంతయు గంటలు కొట్టుచునే యుండును. అందుచేత 80 వద్ద మ్రోగిన గంట 77కు దిగువకు వచ్చినగాని ఆగకుండునట్లు ఏర్పాటు చేయుదురు.

చూచినదానిని ఊరికి చేర్చుట రెండు విధములు. పెద్దమనిషి తానే దినమునకొకసారి కట్టమీదికి పోయి నీరటికాని నడుగుట యొకటి. మత్తడి దుమికినంతనే నీరటికాడే పరుగెత్తి వచ్చుట రెండవది. 1988లో నిర్ణయింపబడిన ఎస్.ఎన్.ఎం.పి. అను ఏర్పాటులో ఈ రెండును కలవు. కేంద్రయంత్రము నిమిషమునకో, ఐదు నిమిషములకో ఒకసారి ప్రతి యంత్రమును అడిగి అంకెలు తెచ్చికొనును. ఆపద కలిగినప్పుడు యంత్రమే అడుగకున్నను వార్త పంపును. పరుగెత్తి వచ్చు వార్త యుండగా అడుగుటకు పని యేమని తోచవచ్చును. మొదటి పద్ధతిలోని ఆ వార్త రసీదు లేని పోస్టుకార్డువంటిది. చేరినదో లేదో పంపినవానికి తెలియదు. నెట్‌వర్కు చెడిన వేళ వార్త దారిలో పోవును. నీరటికాడే జారిపడినచో వార్త తెచ్చువాడే యుండడు. కావున ప్రతిదినము అడుగుటయు మానరాదు. వరుసగా మూడుసార్లు అడిగినను జవాబు రానిచో ఆ మౌనమునే ఆపదగా ఎంచి గంట కొట్టవలయును. వార్త లేకున్న క్షేమమే యనుట చుట్టరికములలో చెల్లునేమో గాని యంత్రములయందు చెల్లదు.

దారి మునుగరాదన్న రెండవ నియమమును మరచిన ఫలమేమో 2021 అక్టోబరు 4వ తేదీన లోకమంతయు చూచినది. ఆ దినము ఫేస్‌బుక్కు కంపెనీలో తమ డేటా సెంటర్లను కలుపు మహామార్గమును పరీక్షించుచు నొక ఆజ్ఞ నిచ్చిరి. ఆ ఆజ్ఞలోని తప్పువలన మార్గమంతయు తెగెను. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మూడును మూగవోయెను. మన దేశమున అప్పుడు రాత్రి 9 గంటలు దాటినది. మన ఇండ్లలో ఫోనులు చెడినవని పలువురు ఆర్పి వెలిగించిరి. యంత్రములకు ఏ జబ్బును లేదు. ఇంజనీర్లు దూరమునుండి చక్కదిద్దబోగా వారి మామూలు దారియు, ఆపత్కాలమునకై వేరుగా ఏర్పరచుకొనిన దారియు రెండును మూసికొనిపోయి యుండెను. కడకు మనుష్యులను డేటా సెంటర్లకు పంపవలసివచ్చెను. అచ్చటి తలుపులు, తాళములు అన్యులు చొరకుండునట్లు కట్టుదిట్టముగా నుండుటచే స్వజనులు లోపలికి పోవుటకే ఆలస్యమయ్యెను. సుమారు ఆరు గంటలు ఇట్లు గడచెను. లోకములో మిక్కిలి ధనవంతమైన కంపెనీలలో నొకదానికే ఇట్లయినచో, రెండవ తీగెకు అయ్యెడి వ్యయమును దండుగ యని కొట్టివేయు చిన్న కచేరీల మాట చెప్పనేల?

వేడి సంగతి మన ప్రాంతమునకు ముఖ్యమైనది గనుక కొంత విస్తరించి వ్రాయుదుము. సర్వరు లోనికి పీల్చు గాలి 18 మొదలు 27 డిగ్రీల సెంటీగ్రేడులో నుండుట మేలని ఇంజనీర్ల సంఘమైన ఆష్రే వారు సూచించుచున్నారు. 2022 జూలై 19వ తేదీన ఇంగ్లండు దేశమున చరిత్రలో మొదటిసారి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినది. ఆ దినమున లండనులో గూగులు, ఒరాకిలు కంపెనీల డేటా సెంటర్లలో చల్లదనము నిచ్చు యంత్రములు చెడి, కొన్ని సర్వర్లను ఆపివేయవలసివచ్చెను. అంతకంటె దుఃఖకరమైనది గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల కథ. వారి డేటా సెంటర్లు రెండును ఆ వేడికి నిలిచిపోయెను. వైద్యులకు రోగుల పూర్వచరిత్రలు, పరీక్షాఫలితములు తెరపై కనబడకపోయెను. కాగితము, కలము చేతబట్టవలసివచ్చెను. కొన్ని శస్త్రచికిత్సలు వాయిదా పడెను. అంతయు మామూలునకు వచ్చుటకు వారములు పట్టెను. మనకు మే మాసమున 40 డిగ్రీలు వార్తయే కాదు. మన ఆసుపత్రులును, కచేరీలును తమ సర్వరును మెట్లక్రింది గదిలో, కిటికీ లేని మూలలో, ఒక్క ఏ.సి.ని నమ్మి ఉంచినచో ఏమగునో యోచింపవలయును.

వేడి హెచ్చినప్పుడు దోషము గదిదా, యంత్రముదా అని నిర్ణయించుట ఎట్లు? సర్వరు ముందువైపున లోనికి పోవు గాలి వేడిని చూపు కొలత యొకటి, లోపల ప్రాసెసరు వేడిని చూపునది మరియొకటి కలవు. రెండును కలిసి పెరిగినచో గది వేడెక్కినది, ఏ.సి.ని చూడవలయును. లోనికి పోవు గాలి చల్లగా నుండి ప్రాసెసరు మాత్రము కాలుచున్నచో ఆ పెట్టెలోనే పంకాయో మరియొకటియో చెడినది. బీరువాలో పై అరలు మాత్రమే వేడెక్కినచో వెనుకకు పోవలసిన వేడిగాలి చుట్టు తిరిగి ముందునకు వచ్చుచున్నది. మూడు అంకెలతో, ఆ గదిలో కాలు పెట్టకయే, మూడు రోగములు వేరుపడినవి. ఈ విద్యయందలి సొగసు ఇచ్చటనే యున్నదని మాకు తోచును.

డిస్కులు తమ జబ్బులను స్మార్టు అను పట్టికలో తామే వ్రాసికొనును: చదువజాలక విడిచిన భాగములెన్ని, మార్చికొనిన భాగములెన్ని మొదలగునవి. ఈ పట్టికను ఎంతవరకు నమ్మవచ్చును? గూగులు పరిశోధకులు లక్షకు మించిన డిస్కులను పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. డిస్కుపై మొదటి చదువుదోషము బయటపడిన పిమ్మట 60 దినములలో అది చెడిపోవుట, దోషము లేని డిస్కులకంటె 39 రెట్లు అధికమట. ఇది పట్టికకు కీర్తి. కాని చెడిన డిస్కులలో సగమునకు మించినవి, 56 శాతము, ముఖ్యములైన నాలుగు గుర్తులలో ఒక్కటియు చూపకయే చెడెను. ఆరోగ్యముగా కనబడినవాడు తెల్లవారునప్పటికి లేడనుట మన యిండ్లలోను వినుచున్నదే. కావున అంకెలు మంచివైనను ప్రతిదినము రెండవ నకలు తీసి మరియొకచోట ఉంచుట మానరాదు. మెమొరీ చిప్పుల సంగతి సంగ్రహముగా చెప్పుదుము: ఒక్క అంకె తారుమారైనచో తానే కనిపెట్టి దిద్దుకొను పద్ధతిని రిచర్డు హామింగు 1950లో ప్రకటించెను, సర్వర్లలో ఆ జాతి పద్ధతులే వాడుదురు. దిద్దుబాట్ల సంఖ్య ఒక చిప్పులో నానాటికి పెరిగినచో దానిని మార్చవలయును.

"నాన్నా పులి" కథ మన తరగతులలో చెప్పనివారు లేరు. ఆ కథలోని బాలుడు నవ్వులాటకు అరచెను. యంత్రము నవ్వులాటకు అరవదు, ప్రతి చిన్నదానికిని నిజముగనే అరచును. ఫలితము మాత్రము ఒక్కటే. హైదరాబాదులో రాత్రి కాపలా పని చేయు యువకుని ఫోనుకు ఒక రాత్రి రెండువందల హెచ్చరికలు వచ్చినచో, అతడు మూడవ గంటనుండి చదువుట మానును. వానిలో నూట డెబ్బదియవది పులి కావచ్చును. అందుచే అనుభవజ్ఞులు ఒక నియమము పాటింతురు: లేచి చేయవలసిన పని యున్నప్పుడే మనుష్యుని నిద్ర లేపవలయును, తక్కినది ఉదయము చదువుటకు వ్రాసియుంచవలయును. ఒక తీగె తెగినందున నలువది యంత్రములు పలుకనప్పుడు నలువది గంటలు కొట్టక, తీగెకు ఒక్క గంట కొట్టవలయును. ఇది యంత్రపు పని కాదు, ఏర్పాటు చేయు మనుష్యుని వివేకముయొక్క పని.

నీరటి చిప్పును గూర్చి భయపడదగినదియు నొకటి కలదు. తూము తాళపుచెవి నీరటికాని చేతిలో నుండును. అతనిని లోబరచుకొనినవాడు చెరువునంతయు లోబరచుకొనినవాడే. ఈ చిప్పు పెద్ద యంత్రమును ఆర్పగలదు, వెలిగింపగలదు, దాని తెరను దూరమునకు చూపగలదు. 2013లో డాన్ ఫార్మరు అను పరిశోధకుడు ఐ.పి.ఎం.ఐ.లోని బలహీనతలను బయటపెట్టెను. రెండవ కూర్పులోని నియమము ననుసరించి, అడిగిన అపరిచితునికి సైతము చిప్పు పాస్‌వర్డును చిదిమి చేసిన గుర్తు నొకదానిని ఇచ్చివేయును. తీరికగా కూర్చుండి దానినుండి బలహీనమైన పాస్‌వర్డును ఊహింపవచ్చును. కావున ఫ్యాక్టరీవారు పెట్టిన పాస్‌వర్డును మొదటి దినముననే మార్చవలయును. ఈ చిప్పు తీగెను బహిరంగ ఇంటర్‌నెట్టునకు ఎన్నడును తగిలింపరాదు. కాపలాదారులు మాత్రమే నడచు వేరు దారిలో ఉంచవలయును.

మన కంప్యూటరు గదిలోని సాధారణ కంప్యూటర్లలో నీరటి చిప్పు లేదు. వేడిని, పంకా వేగమును కొలుచు సాధనములు మాత్రము వానిలోను కలవు. 9, 10 తరగతుల విద్యార్థులు ఈ క్రింది పని చేయవచ్చును. కంప్యూటరు వెలిగించిన వెంటనే సెటప్పు తెరకు పోయినచో పలు యంత్రములలో హార్డువేరు మానిటరు అను పుట కనబడును. అందు ప్రాసెసరు వేడి, పంకా చుట్లు వ్రాసియుండును. గోడకు ఒక ఉష్ణమాపకము వ్రేలాడదీయుడు. ఒకే యంత్రమును ఎన్నుకొని, జనవరినుండి ఏప్రిలు చివరవరకు, ప్రతిదినము ఒకే గంటకు, వెలిగించి పది నిమిషములు గడచిన పిమ్మట, గది వేడి, ప్రాసెసరు వేడి, పంకా చుట్లు మూడును రిజిస్టరులో ఎక్కింపుడు. ఎవరు చూచి వ్రాసిరో వారి పేరును ప్రక్కనే యుండవలయును. చూడని దినమున గడి ఖాళీగా విడువుడు; నిన్నటి అంకెను నేటికి నింపరాదు.

మాసము ముగిసినంతనే గ్రాఫు కాగితముపై గది వేడికొక గీత, ప్రాసెసరు వేడికొక గీత గీయుడు. వేసవి ముదిరినకొలది రెండు గీతలును పైకి లేచును, అది సహజము. రెండు గీతల నడుమనున్న ఎడమును కొలువుడు. గది వేడి మారకుండగనే ఆ ఎడము పెరిగినచో పెట్టెలో దుమ్ము పట్టినదని అనుమానింపుడు. ఉపాధ్యాయుని ఎదుట, ప్లగ్గును ఊడదీసి, మూత విప్పి, పంకా రెక్కలను మెత్తని కుంచెతో తుడువుడు. మరునాటినుండి ఎడము ఎంత తగ్గినదో ఎర్రసిరాతో గుర్తింపుడు. రిజిస్టరును తరగతిగది బీరువాలో భద్రపరచినచో, రాబోవు సంవత్సరపు పిల్లలు తమ జనవరి అంకెలను మీ జనవరి అంకెలతో పోల్చుకొందురు.